మా నాన్న పెళ్లి రీలు ఆడించిన పెద్దాయనకి

నిన్న రాత్రి మా నాన్న సహస్ర చంద్ర దర్శనం అయింది. టెంటు వాళ్లు ఇంకా సామాను తీసుకెళ్లలేదు, నాకు నిద్ర లేదు. అయినా ఇది ఇప్పుడే రాయాలనిపించి కూర్చున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మా పెదనాన్న అమెరికాలో డాక్టరు. 1969లో సెలవు మీద వచ్చి అమ్మానాన్నల పెళ్లి తీసింది రెగ్యులర్ 8 ఫిల్మ్ మీద. 1976లో మళ్లీ వచ్చి నా అన్నప్రాశన తీసింది సూపర్ 8 మీద. ఆ ఏడు తెచ్చిన ప్రొజెక్టరే మా అటక మీదున్నది. రెండు ఫిల్ములూ 8 మిల్లీమీటర్ల వెడల్పే, చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. కానీ 1965లో కొడాక్ వాళ్లు సూపర్ 8 తెచ్చినప్పుడు పక్క చిల్లుల్ని చిన్నవి చేసి, వాటి చోటు మార్చి, బొమ్మకి జాగా పెంచారు. అందుకని మాదిలాంటి, రెండు రకాలూ ఆడించే డ్యూయల్ ప్రొజెక్టర్‌కి ఒక మీట ఉంటుంది. ఏ ఫిల్మ్ ఎక్కిస్తే మీట అటు తిప్పాలి. మర్చిపోతే బొమ్మ ఎగురుతుంది, చిల్లులు చిరుగుతాయి.

నాన్నకి అమ్మని చూపించాలి. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆమె కదులుతూ కనిపించేది ఆ రీళ్లలోనే.

మెషీన్ విప్పితే లోపల బెల్టు కరిగి బెల్లం పాకంలా పుల్లీలకి అంటుకుపోయి ఉంది. ఊళ్లో పాతవి డిజిటల్ చేస్తామని బోర్డు పెట్టిన షాపులో వీడియో క్యాసెట్లే చేస్తారట, రీలు చూసి ఇదేంటండీ అన్నారు. బయటి దేశం నుంచి బెల్టు తెప్పిస్తే పార్సిల్ ఆపేశారు. ఏ యంత్రానిది, ఆ యంత్రం కొన్న బిల్లు పెట్టండి అన్నారు. దాదాపు యాభై ఏళ్ల కింద కొన్నదానికి, కొన్న మనిషే లేకపోయాక, బిల్లు ఎక్కణ్ణుంచి తేను? మెయిల్ పెడితే మెషీనే జవాబిస్తుంది, ఫోన్ చేస్తే మరో నంబరిస్తారు. వేలెడు రబ్బరు ముక్క అండీ. అది ఇప్పటికీ అక్కడే ఉంది, ఉంచుకోమనండి.

ఆ టెన్షన్‌లో ఉండగా మా ఎలక్ట్రీషియన్ ఒక నంబరిచ్చాడు. తెనాలి వైపు సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేసి, డిజిటల్ వచ్చాక ఇంటికొచ్చేసిన పెద్దాయన. పేరు రాయొద్దన్నారు, రాయను. ఫోన్లో నా మాట పూర్తి కాకుండానే, "వాసన చూశావా అమ్మా? పుల్లగా ఉందా?" అన్నారు. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఇలాంటి ఫిల్మ్ పాడవడం మొదలైతే వెనిగర్ వాసన వస్తుందట. పెళ్లి రీలు నుంచి కొంచెం వస్తోంది. "అయితే మూత తీసి పెట్టు, ఆలస్యం చెయ్యకు" అని మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఆయనే వచ్చారు.

ముందు పాత బెల్టు జిగురంతా స్పిరిట్‌తో తుడిచారు. మోటారు పంపులకి వేసే ఓ-రింగు ఒకటి కొలత చూసి బెల్టుగా వేశారు. ఫిల్మ్ నడిచే దారి మొత్తం మెత్తటి బ్రష్‌తో దులిపారు. హేలోజన్ బల్బుని గుడ్డతో తప్ప ముట్టుకోనివ్వలేదు, వేలి జిడ్డు అంటితే వేడికి గాజు అక్కడే దెబ్బతింటుందని. 120 వోల్టుల మెషీన్ కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి అన్నప్రాశన రీలు వేశాం. ఆడింది! కానీ బొమ్మ మిణుకు మిణుకుమంటోంది, చుట్టాలంతా తెగ నిదానంగా నడుస్తున్నారు. నాన్న, "అప్పట్లో అంతే, ఎవరికీ తొందరుండేది కాదు" అన్నారు. పెద్దాయన నవ్వి, "కాదు సార్, ఇది 60 సైకిల్స్‌కి పెట్టిన పుల్లీ. మన కరెంటు 50" అన్నారు. సైకిల్స్ అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ మారుతుందన్న లెక్క, ఈ మోటారు వేగం దాన్ని బట్టే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది గానీ సైకిల్స్‌ని మార్చదు. దాంతో సెకనుకి 18 ఫ్రేములు (బొమ్మలు) నడవాల్సింది 15 నడుస్తోంది. మోటారు పుల్లీకి రెండు మెట్లున్నాయి, బెల్టుని పెద్ద మెట్టు మీదకి మార్చారు, అంతే. (పెళ్లి రీలు సెకనుకి 16 ఫ్రేముల లెక్కన తీసింది. కాబట్టి మా పురోహితుడు గారు ఇప్పుడు కాస్త హడావుడిగా మంత్రాలు చదువుతున్నారు. ఎవరూ పట్టించుకోలేదు.)

పెళ్లి రీలు ఆయన ఇంటికి తీసుకెళ్లారు, ఒకచోట చిల్లులు చిరిగి ఉన్నాయని. తీసుకోవడానికి వెళ్తే రీలుతో పాటు చిన్న కవరిచ్చారు. అందులో మూడు ఫ్రేములు, ఒక్కోటీ బియ్యపు గింజంత కూడా ఉండదు. అతకడానికి కత్తిరించక తప్పలేదట. "భూతద్దం పెట్టి చూశానమ్మా. ఎవరిదో గాజుల చెయ్యి ఉంది. మీ అమ్మగారిదో కాదో నాకు తెలీదు కదా, పారెయ్యలేకపోయాను."

నేను వాళ్ల మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. ఆయన ఏమీ అనలేదు. లోపలికెళ్లి రీలు మళ్లీ ఒకసారి చుట్టి తెచ్చారు.

నిన్న ఫంక్షన్లో కూడా ఆయన తెర వైపు చూడలేదు. పాత ఫిల్మ్ కాస్త కుంచించుకుపోయిందిట, బొమ్మ పడే గేటు కింద ఫిల్మ్‌ని వదులుగా ఉంచే మెలిక (లూపు) జారుతూ ఉంటుంది. జారినప్పుడల్లా బొమ్మ దడదడలాడకుండా వేలితో సర్దుతూ పక్కనే కూర్చున్నారు. అందరూ అమ్మని చూస్తుంటే ఆయన ఫిల్మ్‌ని చూస్తూ ఉన్నారు. డబ్బులిస్తే బస్సు చార్జీలు లెక్కపెట్టి మిగతావి నా చేతిలో పెట్టేశారు. భోజనం మాత్రం చేశారు, గోంగూర రెండోసారి వేయించుకున్నారు.

ఇలాంటి చేతులున్న వాళ్లని డిజిటల్ రాగానే ఇంటికి పంపేశారు. ఊరూరా ట్రంకుపెట్టెల్లో ఇలాంటి రీళ్లు పుల్లబడిపోతుంటే అడిగేవాళ్లు లేరు. సరే, ఇవాళ ఆ గొడవ వద్దు.

మా ఆయన, చెల్లి, పిల్లలు... మీకు ఇంట్లో చెప్తాలే.

అయ్యో, మరిచాను: సూపర్ 8 రీలు మధ్య కన్నం పెద్దది, దానికి తొడిగే అడాప్టర్ పోతే నైలాన్ ముక్కతో తిప్పి ఇచ్చిన లేత్ షాపు అబ్బాయికి థాంక్స్. తెరకి తెల్ల పంచె ఇచ్చిన ఎదురింటి మామయ్య గారికీ. ఇంకా ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చిన పై ఫ్లాటు వాళ్లకి, సాయంత్రం తెచ్చిస్తామండీ, మీ మిక్సీ ఆగిపోయిందని ఇప్పుడే తెలిసింది.