డబుల్ రైఫిళ్ల పనిలో మా వల్ల జరిగిన తప్పు, ఇకపై మా పద్ధతి

తమ ఇంటి పాత తుపాకులను నమ్మకంతో మా చేతికి అప్పగిస్తున్న వారందరికీ నమస్కారం. దసరా దగ్గరపడుతోంది. ఆయుధ పూజ నాటికి తాతగారి రైఫిల్‌ను తుడిపించి, మెరుగు పెట్టించి ఇవ్వమని అడిగేవారు ఏటా ఈ రోజుల్లోనే వస్తారు కనుక, ఆ రద్దీ మొదలుకాకముందే ఈ ఏడాది మా దుకాణంలో జరిగిన ఒక తప్పును, దాని తరువాత మేము తీసుకున్న నిర్ణయాన్ని దాచకుండా మీ ముందుంచుతున్నాను. ఈ విషయం ముఖ్యంగా ఇంగ్లండ్‌లో తయారైన డబుల్ రైఫిళ్లు, అంటే పక్కపక్కనే రెండు బ్యారెళ్లుండి పులుల వేటకు, ఏనుగుల వేటకు వాడిన పెద్ద రైఫిళ్లు ఉన్న కుటుంబాలకు సంబంధించినది. పన్నెండు బోరు తుపాకుల వారు కూడా చదివితే మంచిదే, ఎందుకంటే జంట బ్యారెల్ ఏదైనా అతుకు ఒకటే.

వేసవి చివరలో ఒక పెద్దాయన 450/400 (ఇది తూటా రకం పేరు) డబుల్ రైఫిల్‌ను మా వద్దకు తెచ్చారు. బ్యారెళ్ల మీది నలుపు చాలాచోట్ల వెలిసిపోయింది, కొత్తగా నలుపు వేసి ఇవ్వమన్నారు. ఆ పని మా దగ్గర ఎప్పుడూ పాత పద్ధతిలోనే జరుగుతుంది. ఉక్కు మీద రసాయనం పూసి సన్నగా తుప్పు పట్టనిస్తాం, నీళ్లలో మరిగిస్తాం, మెత్తటి తీగ బ్రష్షుతో రుద్దుతాం, కావలసిన నలుపు వచ్చేదాకా ఇదే వరుసను ఎనిమిది, పది సార్లు చేస్తాం. రోజుల తరబడి పట్టే పని అది. దాన్ని చేసే మా పనివాడు అప్పుడు కంటి ఆపరేషన్ కోసం సెలవులో ఉన్నాడు. గడువు దాటిపోతుందన్న తొందరలో నేను ఆ బ్యారెళ్లను లైసెన్సున్న మరొక మరమ్మతు దుకాణానికి పంపించాను. పంపిన చీటీ మీద ‘నలుపు వేయాలి’ అని మాత్రమే రాశాను. వారు తమకు అలవాటైన ప్రకారం సుమారు 140 డిగ్రీల వేడిలో ఉన్న కాస్టిక్ ఉప్పు ద్రావణం తొట్టెలో ముంచి, అరగంటలో నిగనిగలాడే నలుపుతో తిరిగి పంపారు. ఒంటి బ్యారెల్ రైఫిల్‌కు అది చక్కటి పని. జంట బ్యారెల్‌కు మాత్రం అంతకు మించిన కీడు లేదు. వారిని తప్పుపట్టను; చెప్పవలసినది నేను చెప్పలేదు.

ఆరు వారాల తరువాత, వానలు ముదిరిన రోజుల్లో, బ్యారెళ్ల నడుమ ఉండే పట్టీ అంచు వెంట తెల్లటి పొడి బయటికి వచ్చింది. బ్యారెళ్ల జతను రైఫిల్ నుంచి విడదీసి, కొక్కేనికి వేలాడదీసి వేలి కణుపుతో తట్టి చూశాను. అతుకు గట్టిగా ఉన్న జంట బ్యారెల్ గుడి గంటలాగా చాలాసేపు మోగుతుంది. ఇది బీటవారిన కుండను తట్టినట్టు ‘జర్’మని ఆగిపోయింది. పట్టీ పక్కన రెండు చుక్కల నూనె వేసి బ్యారెళ్లను బొటనవేళ్లతో నొక్కితే, అతుకులోంచి సన్నటి బుడగలు పైకి వచ్చాయి. ఇక సందేహం మిగలలేదు. ఆ సాయంత్రమే పెద్దాయనకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఎందుకిలా జరిగిందంటే, ఈ రైఫిళ్లలో రెండు బ్యారెళ్లనూ పట్టీలతో కలిపి ఉంచేది తగరం, సీసం కలిసిన టంకం. కాస్టిక్ తొట్టె వేడికి ఆ టంకం కరగదు. కానీ కాస్టిక్ సోడా దాన్ని తినేస్తుంది. పైగా ఆ ఉప్పు పట్టీ కింది సందుల్లోకి చేరి, ఎంత కడిగినా పోక, తరువాత నెలల తరబడి లోపలినుంచి తుప్పు పుట్టిస్తుంది. మళ్లీ టంకం వేయించడం మన దగ్గర సాధ్యమే. సాధ్యం కానిది ఆ రైఫిల్‌కు గురి తిరిగి తెప్పించడం.

డబుల్ రైఫిల్ ఖరీదు ఎక్కడుందో చాలామందికి తెలియదు. స్టాక్ (చెక్క పిడి) మీది వాల్‌నట్ చారలనూ, చెక్కిన పులుల బొమ్మలనూ చూసి అదే పనితనం అనుకుంటారు. అసలు పనితనం కంటికి కనపడని చోట ఉంది. కుడి బ్యారెల్ పేల్చినప్పుడు గుండు బయటపడే లోపలే రైఫిల్ కొంచెం పైకీ, కుడికీ తిరుగుతుంది. ఎడమది పేల్చితే ఎడమకు. అందుకని రెండు బ్యారెళ్లనూ మూతి వైపు కొద్దిగా దగ్గరకు వచ్చేలా అమర్చి, నిర్ణీత దూరంలో రెండు గుండ్లూ ఒకేచోట పడేలా సరిచేస్తారు. లండన్, బర్మింగ్‌హామ్ పనివాళ్లు ఈ పనిని లెక్కలతో కాక కాల్చి చూసి చేస్తారు. మూతుల నడుమ చిన్న చీలను ఉంచి, కాల్చి, గుండ్లు ఎక్కడ పడ్డాయో చూసి, టంకం కరిగించి, చీలను వెంట్రుకవాసి జరిపి, మళ్లీ కాల్చుతారు. రెండూ కలిసేదాకా ఇదే వరుస. అది కూడా ఒకే ఒక్క తూటాకు కుదిరే గురి. పెద్దాయన రైఫిల్ బ్యారెళ్ల అడుగున ‘కార్డైట్ 60–400’ అని కొట్టి ఉంది. అంటే 60 గ్రెయిన్ల కార్డైట్ అనే తుపాకీ మందు, 400 గ్రెయిన్ల గుండు. గ్రెయిన్ అంటే మందునూ, గుండునూ తూచే చిన్న బరువు కొలత. గుండు వేగం తగ్గితే గుండ్లు రెండు పక్కలకూ విడిపోతాయి, పెరిగితే ఒకదాన్నొకటి దాటి అడ్డంగా పడతాయి. ఈ పేరున్న సంస్థల దగ్గర కొత్త డబుల్ రైఫిల్ నేటికీ లక్ష పౌండ్లకు పైమాటే కావడానికి ఈ శ్రమ ఒక ముఖ్య కారణం. నూరేళ్ల కిందట ఒక పనివాడు అలా కుదిర్చిన గురిని, నేను రాసిన రెండు మాటల చీటీ పోగొట్టింది.

పెద్దాయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత తేలికగా ఉండేది. తీసుకున్న డబ్బు మొత్తం తిరిగి ఇచ్చాను. పట్టీలు పూర్తిగా విప్పి, లోపలి ఉప్పును కడిగించి, మళ్లీ టంకం వేయించే ఖర్చు మేమే భరిస్తున్నాం. మా పుస్తకంలోనూ, వారికి ఇచ్చే కాగితంలోనూ ‘ఈ రైఫిల్ గురి ఇప్పుడు అసలుది కాదు, పేల్చరాదు’ అని రాసి నా సంతకం పెడుతున్నాను. రేపు ఆయన వారసులు దీన్ని ఎవరికైనా అమ్మదలిస్తే, కొనేవారికి ఆ కాగితం తప్పక చూపించాలి. అమ్మకం ధర దాని వల్ల తగ్గుతుందని ఆయనకు నేనే చెప్పాను.

కాబట్టి ఇకపై డబుల్ రైఫిళ్ల బ్యారెళ్లకు కొత్త నలుపు వేసే పనిని మా దుకాణం ఒప్పుకోదు. మా పనివాడు తిరిగి వచ్చినా ఒప్పుకోదు. వెలిసిన నలుపుతో, అసలు చెక్కడంతో, ముట్టని స్క్రూలతో ఉన్న రైఫిల్‌కే సేకరించేవారి దగ్గర విలువ ఎక్కువ. మెరుగు పెట్టేకొద్దీ చెక్కడం అరిగి, ముద్రలు చెరిగి, విలువ పడిపోతుంది. పాత తుప్పును ఆపడం, లాకులు (పేల్చే యంత్ర భాగాలు) విప్పి ఎండిన నూనె తీయడం, స్టాక్ పగుళ్లు అతకడం, బ్యారెళ్లు యాక్షన్‌తో, అంటే అవి వచ్చి అమరే ఉక్కు భాగంతో, బిగువుగా కూర్చుంటున్నాయో లేదో చూడడం వంటి పనులు మామూలుగానే సాగుతాయి. కానీ ఏ బ్యారెల్ అయినా మా గుమ్మం దాటి మరొకరి చేతికి వెళ్లవలసి వస్తే, ముందుగా మీ సంతకం తీసుకుంటాము.

వెల కట్టించుకోవడానికి వచ్చేవారికి కూడా ఒక మాట చెప్పాలి. బ్యారెల్ మీద కలకత్తాలోని రోడా కంపెనీ పేరో, మాంటన్ కంపెనీ పేరో ఉన్నంత మాత్రాన రైఫిల్ అక్కడ తయారైనదని కాదు. వారు ప్రధానంగా అమ్మకందారులు. వారి పేరుతో వచ్చిన సరుకులో చాలా భాగం బర్మింగ్‌హామ్ పనివాళ్లు చేసినదే. 1914 ఆగస్టులో బెంగాల్ విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్లను మాయం చేసినది ఈ రోడా కంపెనీ సరుకులోంచే, అందుకే ఆ పేరు మనవాళ్లలో కొందరికి చరిత్ర పాఠాల ద్వారా తెలుసు. అసలు ఊరు తెలుసుకోవాలంటే బ్యారెళ్ల అడుగున చూడాలి. కిరీటం కింద బి.పి., బి.వి. అనే అక్షరాలుంటే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లో (బ్యారెళ్లను పరీక్షించి ముద్ర వేసే చోట), ఒకదానితో ఒకటి పెనవేసుకున్న జి.పి. ఉంటే లండన్‌లో పరీక్షించినట్టు. బర్మింగ్‌హామ్ వారు 1921 నుంచి సంవత్సరాన్ని సూచించే అక్షరం కూడా కొట్టారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటకు పేరుపొందినవారు కావడంతో, మా బల్ల మీదికి వచ్చే రైఫిళ్లలో చాలావాటిని ఆయన స్వహస్తాలతో బహూకరించారని చెబుతుంటారు. ఆయన 1911లో కన్నుమూశారు. 1921 తరువాత కొట్టిన సంవత్సరపు అక్షరం ఉన్న రైఫిల్‌ను పట్టుకుని నాతో వాదించవద్దని మనవి. ఇంటి కథ నిజమో కాదో తేల్చుకోవాలంటే సీరియల్ నంబరుతో తయారీ సంస్థకు రాయండి. హాలండ్ అండ్ హాలండ్, వెస్ట్లీ రిచర్డ్స్, రిగ్బీ వంటి సంస్థల దగ్గర పాత రిజిస్టర్లు ఉన్నాయి, రుసుము తీసుకుని వివరాలు పంపుతారు.

తూటాల గురించి అడిగేవారికి జవాబు: ఈ డబుల్ రైఫిళ్లలో వాడే పెద్ద నైట్రో తూటాలు మా దగ్గర లేవు, తెప్పించలేము. ఇంట్లో పాత డబ్బాలు ఉంటే వాటిని పేల్చి చూడవద్దు. కార్డైట్ వేడికి ఒత్తిడి పెంచే మందు. మన ఎండల కోసమే తయారీదారులు మందు తగ్గించిన తూటాలను విడిగా అమ్మేవారు. మీ డబ్బాలో ఉన్నది ఏ రకమో, ఎన్ని వేసవులు అటక మీద గడిపిందో చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. పేల్చవలసిన అవసరం కూడా లేదు. 1972 వన్యప్రాణి చట్టంతో మన దేశంలో ఈ రైఫిళ్ల వేట ముగిసింది. పెళ్లి ఊరేగింపులో ఒక్కసారి పేల్చుకుంటామని అడిగేవారు ఇంకా ఉన్నారు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం దానికి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడవచ్చు.

ఆ సవరణతోనే ఒక్కొక్కరి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. వారసత్వంగా వచ్చినవాటికీ అదే పరిమితి. అప్పుడు మూడవ తుపాకీని మా దగ్గర డిపాజిట్ చేసినవారిలో కొందరు మళ్లీ కనపడలేదు. అద్దె బాకీ గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. గడువు దాటిన డిపాజిట్లు ప్రభుత్వపరం అయ్యే అవకాశం ఉందన్నదే నా ఆందోళన. లైసెన్సున్న కుటుంబ సభ్యుల పేరుకు మార్చుకోవాలన్నా, అమ్ముకోవాలన్నా దరఖాస్తు మీరే పెట్టాలి, మా వైపు కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి.

దసరాకు శుభ్రం చేయించుకునేవారు ముందుగా ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకుని, లైసెన్సు పుస్తకం వెంట తీసుకురండి. తూటాలు తేవద్దు. తట్టి చూసే పరీక్షకు రుసుము లేదు, మీ ఎదుటే చేస్తాము. గతంలో ఎక్కడైనా తొట్టెలో ముంచి నలుపు వేయించారన్న అనుమానం ఉన్నవారు మాత్రం దసరా దాకా ఆగకుండా ఈ వానాకాలంలోనే తెచ్చి చూపించండి.