పెద్ద ప్లాన్‌కి మారినవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకున్నాం

నమస్కారం అండీ.

మన రొయ్యల చెరువు లెక్కల యాప్‌లో ఒక చెరువు ప్లాన్ నుంచి అయిదు చెరువుల ప్లాన్‌కి ఏడాది మధ్యలో మారిన 37 మంది దగ్గర గత నెలలో ఎక్కువ డబ్బు తీసుకున్నాం. తప్పు మాదే.

కాళ్ల మండలం వైపు రైతు ఒకాయన తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ చేశారు. ఆ వేళకి ఫోన్ మోగితే ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలిందేమోనని గుండె ఝల్లుమంటుంది. వెనక నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల మోత. "చెరువు బాగానే ఉందండీ, మీ లెక్కే బాగోలేదు" అన్నారు. కాసేపటికి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. చింపిన మేత బస్తా మీద స్కెచ్ పెన్నుతో వేసిన లెక్క.

చిన్న ప్లాన్ ఏడాదికి 1,460, అంటే రోజుకి 4 రూపాయలు. పెద్దది 3,650, రోజుకి 10. ఆయన 146 రోజులు చిన్నది వాడి పెద్దదానికి మారారు. ఇంకా 219 రోజులున్నాయి. రోజుకి 6 తేడా చొప్పున 1,314 కడితే సరిపోవాలి. మేం 3,650 మొత్తం లాగేశాం, పైగా గడువు తేదీ పాతదే ఉంచాం. అంటే 2,336 అదనం. "రొయ్య పట్టుబడి రోజున కౌంట్ దగ్గర కొట్టేవాళ్లకీ మీకూ తేడా ఏముందండీ?" అన్నారు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క; అది పెరిగితే రేటు తగ్గుతుంది.

ఆ మాటకి రెండు రోజులు అన్నం సయించలేదు. నలభై కౌంట్ రొయ్యని నలభై అయిదని రాసి రేటు కోస్తుంటే మా నాన్న గట్టు మీద నోరెత్తకుండా నిలబడటం చూసినవాణ్ణి. యాప్ మొదలుపెట్టిందే ఆ కోపంతో.

జరిగింది ఇదీ. డబ్బు వసూలు చేసే బిల్లింగ్ కంపెనీని మార్చాం. పేరు వద్దులెండి. ప్లాన్ మారితే మిగిలిన రోజుల డబ్బు వాళ్ల సాఫ్ట్‌వేరే తగ్గిస్తుందని డెమోలో చూపించారు. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అవునన్నారు. తీరా చూస్తే ఆ సెట్టింగ్ మొదట్నుంచీ ఆఫ్‌లోనే ఉంది. ఆన్ చేసుకోవడం మా పనేనట, గైడ్‌లో ఎక్కడో రాశారట! పదకొండు రోజుల్లో తొమ్మిది మెయిళ్లు పెట్టాను. ప్రతిసారీ కొత్త మనిషి, మళ్లీ మొదటి నుంచి కథ. మీకు డబ్బు తిరిగిచ్చినా వాళ్ల ఛార్జీ మాకు వెనక్కి రాదన్నారు. నోరు మూయించడానికి ఒక నెల ఫీజు మాఫీ చేస్తామంటే వద్దన్నాను. మా బావమరిది దానికింకా తిడుతున్నాడు. ఎంత చెప్పినా, మీ మీదికి వదిలే ముందు నా నంబరుతో ఒకసారి ప్లాన్ మార్చి చూసుకోవాల్సింది నేనే. చూసుకోలేదు.

ఇకపై ఎలా అన్నదగ్గరే ఇంట్లో గొడవ. రెండు దారులున్నాయి. పాత తేదీ ఉంచి తేడా 1,314 మాత్రమే తీసుకోవడం ఒకటి. ఇవాళ్టి నుంచి కొత్త ఏడాది మొదలుపెట్టి, 3,650లో చిన్న ప్లాన్‌లో మిగిలిన 219 రోజుల డబ్బు 876 తగ్గించి 2,774 తీసుకోవడం రెండోది. రెండూ న్యాయమైన లెక్కలే. రెండోదైతే మా చేతికి ఇప్పుడే రెట్టింపు పైన వస్తుంది, బావమరిది పట్టు అక్కడే. కానీ మీరు పెద్ద ప్లాన్‌కి మారేది కొత్త చెరువులు లీజుకి తీసుకున్నప్పుడు. లీజు, సీడ్ (రొయ్య పిల్ల), మేత, కరెంటు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఆ వారంలో మీ జేబులోంచి పెద్ద మొత్తం లాగడం నాకు నచ్చలేదు. అందుకే ఇక మొదటిదే. రెండోది కావాలనుకున్నవాళ్లు అడగండి, మారుస్తాం. ఏదైనా సరే, ఎంత కట్ అవుతుందో, ఎందుకో స్క్రీన్ మీద కనిపించాకే మీరు ఒప్పుకుంటారు.

పట్టుబడి అయ్యాక చిన్న ప్లాన్‌కి దిగేవాళ్లకి నగదు ఇవ్వం, రోజులిస్తాం. పెద్దదానిలో 100 రోజులుంటే చిన్నదానిలో 250 అవుతాయి.

ఆటోపే ఉన్నవాళ్ల పాత అనుమతి 1,460 వరకే. పెద్ద మొత్తానికి మళ్లీ మీరే పిన్ కొట్టాలి. డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందే మెసేజ్ రావాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన, అది వస్తుంది.

చెరువు ఎండబెట్టిన రోజులు లెక్కలోంచి తీసేయమని కొందరు అడుగుతున్నారు. అది మాత్రం చేయను. చెరువు ఎండినా మీ పాత పంటల రికార్డు మా దగ్గర ఉంటుంది, దాన్ని దాచే చోటుకి మేం అద్దె కడుతూనే ఉంటాం. దీనికి ఎవరికి కోపం వచ్చినా సరే.

31 మందికి జీఎస్టీతో సహా డబ్బు వెళ్లింది, బిల్లు తగ్గించినట్టు చూపే క్రెడిట్ నోట్ మెయిల్‌లో ఉంది. మిగతా ఆరుగురి ఖాతాల నుంచి వెనక్కి వచ్చింది, ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. భీమవరం ఆఫీసుకి రండి, రాలేకపోతే చెరువు గట్టు మీదికే నేనే తెస్తాను.