తప్పు మోటారుది కాదు, మా కాగితానిది

కస్టమర్లందరికీ నమస్కారం. మా దగ్గర మోటారు మౌంట్‌తో (టెలిస్కోపును తనంతట తానే తిప్పే స్టాండు) టెలిస్కోపు కొన్నవాళ్లు కొందరు ఈమధ్య "నక్షత్రం చూపించమంటే గోడవైపు తిరుగుతోందండీ" అంటూ వెనక్కి తెచ్చారు. ఒకదానికి నిజంగానే గేరు అరిగింది, మార్చి ఇచ్చాం. మిగతావన్నీ మా మేడ మీద చక్కగా పనిచేశాయి. దాంతో మీకే బిగించడం రాలేదనుకున్నాను. ఒకరిద్దరితో పైకే అనేశాను కూడా. క్షమించండి.

మొన్న రిజిస్టరు తిరగేస్తుంటే తెలిసింది, కంప్లయింట్లన్నీ నెలలో మొదటి 12 రోజుల్లో వచ్చినవే! మోటారును నడిపే రిమోట్, మనం కొట్టిన తేదీని బట్టే నక్షత్రం ఎక్కడుందో లెక్కేస్తుంది. ఈ రిమోట్‌లో తేదీ అమెరికా పద్ధతిలో కొట్టాలి, ముందు నెల, తర్వాత రోజు. పెట్టెలో వేసే తెలుగు కాగితంలో నేను "రోజు, నెల" అని రాశాను. 13వ తేదీ నుంచి రిమోట్ ఒప్పుకోదు, 13వ నెల లేదు కాబట్టి మీరే తిప్పి కొడతారు. మార్చి 5 మాత్రం చప్పుడు లేకుండా మే 3 అయిపోతుంది. ఒకే వేళకు చూస్తే నక్షత్రాలు రోజుకు దాదాపు ఒక డిగ్రీ పడమటికి జరుగుతాయి. 59 రోజుల తేడాకి 58 డిగ్రీలు. మార్చి 5 రాత్రి ఎనిమిదింటికి సిరియస్, అదే మన లుబ్ధకుడు, దక్షిణాన ఎత్తుగా ఉంటే టెలిస్కోపు పడమటి మేడల్లోకి తొంగిచూస్తుంది. దీనివల్ల పక్కింటివాళ్లతో మాటపడ్డ ఒకాయనకు ప్రత్యేకంగా సారీ.

టైమ్ జోన్ +5:30, డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారం గంట ముందుకు జరపడం, మనకు లేదు) "నో". హైదరాబాద్ వాళ్లు 78 డిగ్రీల 28 నిమిషాల తూర్పు, 17 డిగ్రీల 23 నిమిషాల ఉత్తరం అని కొట్టండి. ట్రైపాడ్‌ని రసమట్టం పెట్టి సరిచేయండి. నక్షత్రాన్ని మధ్యకు తెచ్చేటప్పుడు చివరిగా నొక్కేది పై బాణం, కుడి బాణమే కావాలి. గేర్లలో కాస్త వదులు ఉంటుంది, అటూ ఇటూ ఊపితే లెక్క తప్పుతుంది.

ఇంకోటి, పెన్సిల్ సెల్స్. ఎనిమిది వేసినా అవి కొంచెం నీరసించగానే, మోటారు వేగంగా తిరిగేటప్పుడు రిమోట్ ఆగి మళ్లీ మొదలవుతుంది. చేసిన అలైన్‌మెంట్ (నక్షత్రాలు చూపించి టెలిస్కోపుకు దిక్కులు నేర్పడం) అంతా పోతుంది. 12 వోల్టుల అడాప్టర్ కొనుక్కోండి, మా దగ్గరే కొనక్కర్లేదు. ప్లగ్గు లోపలి కొస పాజిటివ్ ఉన్నదే తీసుకోండి.

కొత్త కాగితం రెడీ అయింది. మా అమ్మకు స్వాతి, చిత్త, మఖ తెలుసు, రిమోట్‌కేమో ఆర్క్‌టరస్, స్పైకా, రెగ్యులస్ తెలుసు. అందుకే రెండు పేర్లూ పక్కపక్కనే వేయించాం. పరీక్షకని మీ దగ్గర తీసుకున్న 500 రూపాయలు తిరిగి ఇస్తాం, బిల్లు లేకపోయినా రండి.