మసక హెడ్‌లైట్‌కి మందు కొత్త బల్బు కాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలోని వాహనాల పేజీలో, పాత కార్లకు హెడ్‌లైట్ మసకగా ఉంటే ఎల్ఈడీ బల్బు వేయించుకోమని సలహా ఇచ్చారు. ఆ కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకుని నా షెడ్డుకు వచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నాది చెన్నై తండయార్‌పేటలో ఆటో ఎలక్ట్రికల్ పని. నాయుడుపేట దగ్గరి పల్లె నుంచి కుర్రతనంలో మద్రాసు వచ్చి, జనరల్ ప్యాటర్స్ రోడ్డులో ఒక తెలుగు మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాను. కొత్త బళ్ల జోలికి నేను పోను. ఫియట్లు, అంబాసిడర్లు, పాత మారుతీలు, అప్పుడప్పుడు ఈ ఊళ్లోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఒకటి. నా దగ్గరికి వచ్చేవి ఇవే.

అలా వచ్చినవాళ్లలో ఒకరు రిటైరైన మేష్టారు. బండి 1996 ప్రీమియర్ పద్మిని. ఎడమ లైటు మసక. పుత్తూరు పక్కన సొంతూరికి వెళ్లొస్తుంటారు. ఊత్తుకోట దాటాక చీకట్లో రోడ్డు మీద పడుకున్న గేదె కూడా కనబడటం లేదని ఆయన బాధ.

“ఎల్ఈడీ వేసెయ్యవయ్యా, పేపర్లో కూడా రాశారు” అన్నారు.

“వేద్దాం మేష్టారూ, ముందు మీటరు పెట్టనివ్వండి.”

“లైటు మసకంటే బల్బుదే కదా తప్పు? దానికి మీటరెందుకు?”

“బల్బు దాకా కరెంటు సరిగ్గా వస్తోందో లేదో చూడకుండా బల్బును తిట్టడం ఎందుకండీ?”

ఇంజిను ఆన్‌లో ఉంచి, డిమ్ లైటు వేసి, బ్యాటరీ దగ్గర చూస్తే 13.9 వోల్టులు. అదే ఎడమ బల్బు వెనక పిన్నుల దగ్గర 11.2. మిగతా 2.7 వోల్టులు దారిలోనే ఖర్చయిపోతున్నాయన్నమాట. ఎక్కడ? మీటరు ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్ మీద, నల్ల తీగ బల్బుకు కరెంటు వచ్చే పిన్ను మీద పెడితే 0.8. ఎర్ర తీగ బల్బు ఎర్త్ పిన్ను మీద, అంటే కరెంటు బండి ఇనుము గుండా బ్యాటరీకి తిరిగిపోయే వైపు, నల్లది బ్యాటరీ మైనస్ మీద పెడితే 1.9. అంటే పెద్ద దొంగ ఎర్త్ వైపే ఉన్నాడు. ఆ బండికి ఎప్పుడో ముందు రెక్క నలిగితే టింకరింగ్ చేయించి రంగు కొట్టించారు. ఎర్త్ తీగ చివర ఉండే రింగు లాంటి లగ్గును ఆ రంగు మీదే పెట్టి బోల్టు బిగించేశారు. ఉప్పుకాగితంతో రంగు గీకి ఇనుము కనబడేలా చేసి, కొత్త లగ్గు వేసి, పైన గ్రీజు పూసి బిగించాను. ఫియట్లలో రెండు చివర్లా మొనదేలిన పింగాణీ ఫ్యూజులు ఉంటాయి, వాటిని పట్టుకునే క్లిప్పులకు చిలుము పట్టి ఉంది, వాటినీ శుభ్రం చేశాను. బల్బు దగ్గర 13.3 వచ్చింది. బల్బు పాతదే. మేష్టారు ఎదురు గోడ మీద పడ్డ వెలుగు చూసి, ఇదే బల్బా అని రెండుసార్లు అడిగారు.

ఇందులో పాఠకులకు తెలియాల్సిన లెక్క ఒకటుంది. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, దానికంటే చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం దాకా పోతుంది. 13.2 వోల్టులకు తయారైన బల్బుకు 10.5 మాత్రమే అందితే సగం వెలుగు కూడా రాదు. 55 వాట్ల బల్బు నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి, దారిలో పావు ఓమ్ అడ్డు ఉంటే చాలు, ఒక వోల్టు మాయం. పావు ఓమ్ అంటే ఏమీ కాదు, తీగలు కలిపే కప్లరు ఒకటి చిలుము పడితే చాలు.

ఇక్కడే చాలామంది కుర్ర ఎలక్ట్రీషియన్లు తప్పటడుగు వేస్తారు. బల్బు ఊడదీసి, ఖాళీ హోల్డరులో మీటరు పెట్టి, “పన్నెండు వస్తోంది సార్, వైరింగ్ బాగానే ఉంది” అంటారు. తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా ఖాళీ హోల్డరులో పన్నెండే చూపిస్తుంది. లోడు పడితేనే బండారం బయటపడేది. బల్బు వెలుగుతూ ఉండగా, హోల్డరు వెనక నుంచి మొన గుచ్చి చూడాలి. మూడు నాలుగు వందలు పెడితే పనికొచ్చే మీటరు వస్తుంది. ప్లస్ వైపు అర వోల్టు, ఎర్త్ వైపు 0.2 దాటితే అక్కడ ఏదో ఉందని నేను వెతుకుతాను.

మీటరు లేనివాళ్లు కూడా కాస్త కనిపెట్టవచ్చు. ఒక్క లైటే మసకైతే ఆ లైటు ఎర్తో, హోల్డరో. రెండూ మసకైతే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న దారి, అంటే స్విచ్చు, ఫ్యూజు, లేకపోతే ఆల్టర్నేటరే సరిగ్గా చార్జి చేయడం లేదు. డిమ్ వేసినప్పుడు డ్యాష్‌బోర్డు మీద బ్రైట్ తాలూకు నీలం దీపం సన్నగా వెలిగిందా, ఎర్త్ పోయిందని దాదాపు ఖాయం. కరెంటుకు సరైన తిరుగుదారి లేక, రెండో ఫిలమెంటు గుండా దొడ్డిదారి వెతుక్కుంటుంది. ఇండికేటరు వేస్తే హెడ్‌లైటు కూడా దాంతోపాటు కొట్టుకున్నా అదే కథ. గుంతలో పడ్డప్పుడల్లా ఆరి వెలిగితే వదులైన హోల్డరు. కాసేపు బాగా వెలిగి, బండి నడిచాక పోతుంటే స్విచ్చులో కాంటాక్టులు కాలిపోయి వేడెక్కుతున్నాయి. పాత అంబాసిడర్లలో డిప్పర్ స్విచ్చు ఎడమ కాలి కింద ఉండేది. వానాకాలం తడి బూట్ల నీళ్లన్నీ దానికే అభిషేకం, అందుకే డిమ్ నుంచి బ్రైట్‌కు మారదు. హెరాల్డ్‌లలో ముందు గ్రిల్లు వెనక తీగలు కలిపే గుండు లాంటి కనెక్టర్లు ఉంటాయి, వాటిని ఒక్కొక్కటీ ఊడదీసి తోమకుండా వేరే ఏ రిపేరూ మొదలుపెట్టకూడదు. జపాన్ తరహా బళ్లలో కొన్నింటికి స్విచ్చు ఎర్త్ వైపు ఉంటుంది, బల్బు ఉమ్మడి పిన్నులో ఎప్పుడూ కరెంటే. అది తెలియకుండా ఉమ్మడి పిన్ను ఎర్తే అనుకుని తీగ కలిపితే ఫ్యూజు ఠప్‌మంటుంది.

సముద్రం పక్కన ఉండటం మాకు అదనపు శిక్ష. కాశిమేడు, రాయపురం, మా తండయార్‌పేట బళ్లకు పట్టే చిలుము సముద్రానికి దూరంగా ఉన్న అంబత్తూరు బళ్లకు పట్టదు. పైగా వరదలు. 2015 డిసెంబరు నీళ్లలో, 2023 డిసెంబరు మిగ్‌జాం తుపాను నీళ్లలో మునిగిన కార్లు ఎన్నో. ఇంజినూ సీట్లూ బాగుచేయించుకుని సంతోషపడ్డారు గానీ కప్లర్ల లోపలికి పోయిన నీళ్లను ఎవరూ పట్టించుకోలేదు. ఆ చిలుము నెలల తర్వాత పైకి వస్తుంది. అప్పుడు బల్బు మారుస్తారు.

ఇప్పుడు మీరు రాసిన ఎల్ఈడీ సంగతి. పాత గుండ్రటి హెడ్‌లైట్లో వేసే హెచ్4 బల్బులో డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. దాని పని వెలుగు రిఫ్లెక్టర్ కింది సగానికి తగలకుండా ఆపడం. ఫిలమెంటు ఉన్న చోటును లెక్కగట్టి రిఫ్లెక్టర్ వంపు తయారు చేశారు. ఎల్ఈడీ చిప్పు సరిగ్గా ఆ చోట, ఆ ఆకారంలో లేకపోతే వెలుగు కిందికి పడకుండా ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. మన కారు ముందు పది అడుగులు తెల్లగా మెరుస్తుంటే బాగుందనుకుంటాం, దూరం మాత్రం చీకటే. 8 మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి దీపం మిరుమిట్లు గొలపకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమావళి 106వ నియమం చెబుతోంది. తడ దాటి సూళ్లూరుపేట వైపు రాత్రి పూట బండి నడిపేవాళ్లను అడగండి, ఆ నియమం ఎంత బాగా అమలవుతోందో.

ఇంకో సరదా 100/90 వాట్ల బల్బులు. రెండు 90లు కలిపితే పదిహేను ఆంపియర్లు. మామూలు 55ల జతకు తొమ్మిదే. ముప్పై ఏళ్ల స్విచ్చు, సన్నటి తీగ, ప్లాస్టిక్ హోల్డరు దీన్ని ఎక్కడ మోస్తాయి? హోల్డరు కరిగి బల్బుకు అతుక్కుపోయిన బళ్లు నా షెడ్డుకు వస్తూనే ఉంటాయి.

పాత బండికి డబ్బు పెట్టదలిస్తే రిలేల మీద పెట్టండి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చుల మీద. డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి. బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ రిలే 30వ పిన్నుకి, 87వ పిన్ను నుంచి బల్బులకు. పాత స్విచ్చు నుంచి వచ్చే తీగ 86కి, 85 ఎర్త్. స్విచ్చు మీద అప్పుడు రిలే కాయిల్ లాగే పిసరంత కరెంటే పడుతుంది. ఆ ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి, 87 తర్వాత ఎడమ కుడి లైట్లకు వేర్వేరు ఫ్యూజులు ఉండాలి, రెండూ ఒక్కసారి ఆరిపోకుండా. పింగాణీ హోల్డర్లు కొత్తవే కొనండి. పుదుపేటలో బండి విప్పి అమ్మే పాత హోల్డర్లలో ఏ చిలుము ఉందో మనకేం తెలుసు? ఇదంతా చేశాక కూడా మసకగానే ఉంటే రిఫ్లెక్టర్ వెండి పూత పోయిందేమో చూడండి. దానికి తీగతో వైద్యం లేదు, లైటు మార్చాల్సిందే.

పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. ఆ తనిఖీ ముందు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాళ్లు అడిగేది ఒక్కటే, “రేపటికి వెలిగేలా చెయ్యన్నా.” వెలగడం వేరు, కనబడటం వేరు అని వాళ్లకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి. మీ పేజీలో చెబితే వింటారు. వచ్చే వారం ఆ ఎల్ఈడీ సలహా పక్కన, బల్బు వెలుగుతుండగా వోల్టేజీ కొలిచే పద్ధతి కూడా వేయండి, బొమ్మతో సహా. ఆ పేజీ రాసేవారికి అనుమానం ఉంటే ఏ సాయంత్రమైనా మా షెడ్డుకు రమ్మనండి, బానెట్ ఎత్తి మీటరు చేతికిస్తాను. ఆదివారం మాత్రం సెలవు.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
తండయార్‌పేట, చెన్నై