మాల్టా ట్రిప్పు: ఏ రోజు ఏ బీచో ఇకపై ముందే రాసివ్వం

మాల్టా ప్యాకేజీకి అడ్వాన్సు కట్టినవాళ్లకీ, దసరా సెలవులకి ఖాళీలున్నాయా అని అడుగుతున్నవాళ్లకీ ఈ కబురు. ఇన్నాళ్లూ మేమిచ్చే ప్లాన్‌లో మంగళవారం గోల్డెన్ బే, బుధవారం కొమీనో, గురువారం రమ్లా అని తేదీలతో సహా ఉండేది. ఆ పద్ధతి తప్పు. కాగితంలో ఉంది కదా అని ఎర్రజెండా ఎగురుతున్న బీచ్‌కి కూడా తీసుకెళ్లాం. జనం ఒడ్డున కూర్చుని, కాళ్లు కూడా తడవకుండా హోటల్‌కి తిరిగొచ్చారు. అందుకే ఈ సీజన్ నుంచి ప్లాన్‌లో బీచ్‌ల పేర్లుంటాయి గానీ వాటి పక్కన తేదీలుండవు. రేపు ఎక్కడికన్నది ముందురోజు సాయంత్రం గాలి చూసి వాట్సాప్ గ్రూపులో పెడతాం.

గాలికి అంత పట్టింపెందుకు అంటారేమో. మాల్టా, గోజో, కొమీనో దీవులు మూడూ కలిపి 316 చదరపు కిలోమీటర్లు, అంటే పాత జీహెచ్ఎంసీ హద్దుల్లో సగం. ఎటు నుంచి గాలి వచ్చినా ఒక తీరం అల్లకల్లోలంగా ఉంటుంది, దానికి అవతలి తీరం చెరువులా ఉంటుంది. రెంటికీ మధ్య బండిలో గంట దూరం. మన విశాఖ, బాపట్ల తీరాల్లో ఉండే ఆటుపోట్లు అక్కడ దాదాపు లేవు. నీళ్లు ఎలా ఉంటాయో తేల్చేది గాలే.

అక్కడ గాలులకి పేర్లున్నాయి. వాయవ్యం నుంచి వచ్చేది మయ్యిస్త్రాల్, ఎక్కువ రోజులు వీచేది ఇదే. గోల్డెన్ బే, ఐన్ తుఫ్ఫీహా, జ్నేనా మూడూ పడమటి తీరంలో దానికి ఎదురొడ్డి ఉంటాయి. ఆ గాలి బలంగా ఉన్న రోజు ఆ మూడూ మానేస్తాం. గాలి ఆగిన మర్నాడు కూడా వెళ్లం, ఎందుకంటే గాలి పోయినా అల తగ్గడానికి ఇంకో రోజు పడుతుంది. అలాంటప్పుడు తూర్పున డెలిమారా వైపు సెయింట్ పీటర్స్ పూల్‌కి గానీ, బిర్జెబ్బూజాలోని ప్రెట్టీ బేకి గానీ తీసుకెళ్తాం. ప్రెట్టీ బేలో ఇసుక బాగుంటుంది, కానీ ఎదురుగా కనబడేది కంటైనర్ ఓడరేవు క్రేన్లు. ఫొటోల కోసం వెళ్లే చోటు కాదు, పిల్లలు ఆడుకునే చోటు.

ఈశాన్యం నుంచి గ్రిగాల్ వస్తే లెక్క తిరగబడుతుంది. మెల్లీహా బే చెడుతుంది, గోల్డెన్ బే వైపు ప్రశాంతంగా ఉంటుంది. ఆగ్నేయపు గాలి ష్లొక్. ఉక్కపోత, ఒక్కోసారి సహారా దుమ్ము తెస్తుంది. మర్సష్లొక్ అనే జాలర్ల ఊరి పేరులోనే ఆ గాలి ఉంది, ఆ ఊరి రేవు ఆ దిక్కుకే తెరుచుకుని ఉంటుంది. ష్లొక్ వీచే రోజున గోజోలో రమ్లా మంచిది, అది ఉత్తరముఖం. అక్కడి ఇసుక ఇటుకపొడి రంగులో ఉంటుంది. అదే రమ్లాలో ఉత్తరం గాలి తగిలితే లోపలికి లాగే ప్రవాహాలుంటాయి, ఆ రోజు మోకాళ్ల లోతు దాటనివ్వం.

ఒక్క ప్రమాదం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మెల్లీహా బేకి ఆదీరా అని ఇంకో పేరు. మాల్టాలో అన్నిటికంటే పొడవైన ఇసుక తీరం అదే. చాలా దూరం నడుము లోతే ఉంటుంది, ఈత రానివాళ్లకి ఇంతకంటే మంచి చోటు ఆ ద్వీపంలో లేదు. కానీ మయ్యిస్త్రాల్ వీచేటప్పుడు అక్కడ గాలి నేల మీది నుంచి సముద్రంలోకి పోతుంది. అల ఉండదు, నీళ్లు అద్దంలా ఉంటాయి, భయం వేయదు. గాలి నింపిన ట్యూబులో పాపని కూర్చోబెట్టి చెయ్యి వదిలితే నిమిషాల్లో లోతులోకి జారిపోతుంది. వెనక ఈదుకుంటూ వెళ్లినా అందుకోవడం కష్టం, ట్యూబుకి గాలి తెరచాపలా పనిచేస్తుంది. అందుకని మా గ్రూపుల్లో గాలి ట్యూబులు, గాలి పరుపులు పూర్తిగా ఆపేశాం. ఒంటికి కట్టుకునే లైఫ్ జాకెట్లు మేమే ఇస్తాం.

ఊదా జెండా కనిపిస్తే జెల్లీఫిష్ ఉన్నట్టు. కుట్టేది ఎక్కువగా ఊదారంగు మచ్చల చిన్న రకం, గాలి ఎటు తోస్తే అటు చేరుతుంది. కుట్టిన చోట మంచినీళ్లు పోయకండి, రుద్దకండి. ఈ రకానికి వెనిగర్ కూడా వద్దు. చర్మం మీద మిగిలిన ముళ్లతిత్తులు వాటివల్ల ఇంకా పగులుతాయి. సముద్రపు నీళ్లతోనే కడిగి, వంట సోడా, సముద్రపు నీళ్లు సమానంగా కలిపిన ముద్ద రెండు నిమిషాలు పట్టించి, ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా గీకి, ఆ తర్వాత గుడ్డలో చుట్టిన ఐసు పదినిమిషాలు పెట్టాలి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా 112కి ఫోన్ చేయాలి. ఇంటి నుంచి వంట సోడా పొట్లం ఒకటి తెచ్చుకోండి.

ఇసుక బీచ్‌లు మాల్టాలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మిగతాదంతా సున్నపురాయి. స్లీమా, బుజిబ్బా ఊళ్లలో "బీచ్ హోటల్" అంటే చాలాసార్లు రాతిగట్టు, దానికి బిగించిన ఇనప నిచ్చెన. దిగీదిగగానే లోతు. నీళ్లు తగిలే మెట్టు మీద పచ్చటి నాచు ఉంటుంది, సముద్రం వైపు తిరిగి దిగితే కాలు జారుతుంది. నిచ్చెన వైపు ముఖం పెట్టి, రెండు చేతులా పట్టుకుని దిగాలి. రాళ్ల సందుల్లో నల్లటి ముళ్లబంతుల్లా సముద్రపు ముళ్లజీవులుంటాయి. రబ్బరు అడుగున్న నీటి బూట్లు తప్పనిసరి, హవాయి చెప్పులు పనికిరావు. చుడీదార్లు, జీన్సుతో నీళ్లలోకి దిగకండి, తడిస్తే బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటాయి. ఒళ్లంతా కప్పే లైక్రా దుస్తులు దొరుకుతాయి, అవి జెల్లీఫిష్ కుట్టకుండా కూడా కాపాడతాయి.

బస కూడా మారుస్తున్నాం. ఇన్నాళ్లూ దించిన సెయింట్ జూలియన్స్‌లో రాత్రంతా పబ్బుల గోల, గోల్డెన్ బేకి గంట పైనే ప్రయాణం. ఇకపై మెల్లీహాలో దించుతాం. అయితే ఊరు కొండ మీద, బీచ్ కింద. హోటల్ ఊళ్లో ఉంటే సాయంత్రం ఎక్కిరావడం పెద్దవాళ్లకి కష్టం కాబట్టి సముద్రమట్టంలో ఉన్న హోటళ్లే తీసుకుంటున్నాం, అద్దె ఎక్కువే. రూట్ బస్సులు మానేసి మినీబస్సు పెట్టాం. వేసవిలో నిండిన బస్సు స్టాపులో ఆగకుండా పోతుంది, పన్నెండుమంది ఎండలో నిలబడిపోతారు. ధర పెరగడానికి ఈ రెండే కారణాలు.

కొమీనోలోని బ్లూ లగూన్ మామూలు ప్యాకేజీలోంచి తీసేశాం. నీళ్ల రంగు నిజంగానే అంత అందంగా ఉంటుంది, కానీ ఇసుక చారెడు, నీడ లేదు, వేసవి మధ్యాహ్నం రాళ్ల మీద తువ్వాలు పరిచే చోటుండదు. 2025 మే నుంచి అక్కడికి ముందుగా ఆన్‌లైన్‌లో ఉచితంగా స్లాట్ తీసుకోవాలి, దిగాక చేతికి పట్టీ కడతారు. కావాలన్నవాళ్లకి పొద్దున మొదటి పడవలోనే తీసుకెళ్తాం.

మా పాత బ్రోచర్ అట్ట మీదున్న గోజో రాతి కిటికీ, అజూర్ విండో, 2017 మార్చి 8న తుఫానుకి కూలిపోయింది. అది చూసి బుక్ చేసుకున్నవాళ్లకి క్షమాపణలు. అట్ట మార్చాం. గోజో పడవ చిర్కెవ్వా రేవు నుంచి 25 నిమిషాలు, టికెట్ తిరిగొచ్చేటప్పుడే తీసుకుంటారు.

నెల గురించి. మన బడి సెలవులు మేలో, కానీ అప్పుడు అక్కడ నీళ్లు 18, 19 డిగ్రీలే. పిల్లలు పదినిమిషాలకే వణుకుతారు. జులై, ఆగస్టుల్లో నీళ్లు బాగుంటాయి, రద్దీ భరించలేం. ఆగస్టు 15 సాంతా మరీయా పండగ వారం మేము అసలు బుకింగే తీసుకోం. దసరా సెలవులు దీనికి సరిగ్గా సరిపోతాయి: నీళ్లు 24 డిగ్రీల దాకా వెచ్చగా ఉంటాయి, ఎండ తగ్గుతుంది. వేసవి అయిపోతే కాపలావాళ్లు కొన్ని బీచ్‌ల్లోంచి వెళ్లిపోతారు గనక ఆ గ్రూపుతో మా తరఫున ఈతగాడు ఒకరు వస్తారు.

మాల్టాకి కావలసిన షెంగెన్ వీసాకి (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేయొచ్చు, ఫీజు పెద్దలకు 90 యూరోలు, 30 వేల యూరోల వైద్యబీమా తప్పనిసరి. దసరాకి వచ్చేవాళ్లు పాస్‌పోర్టులు జూన్ నెలాఖరులోగా ఇవ్వండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లెవరో, ఈత రానివాళ్లెందరో అప్పుడే చెప్పండి. ఐన్ తుఫ్ఫీహాకి దాదాపు 200 మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. ఈ మార్పులు నచ్చనివాళ్లకి అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తాం. ఇప్పటికే కట్టేసిన వీసా ఫీజు మాత్రం తిరిగిరాదు.