పిన్ని గ్రైండరు కొండెక్కిన కథ

విజయవాడ,
7 అక్టోబరు 2025

ఒరేయ్ శీనూ,

జవాబు రాయలేదని అలిగావట. అలుగు, నీకదేం కొత్త? దసరా సేల్ మొదలయ్యాక, పార్సిళ్ళు దింపి ఊళ్ళోకి పంచే కొరియర్ హబ్బులో పనిచేసేవాడికి ఫోను చూసుకునే తీరిక ఉంటుందనుకోవడం నీ అమాయకత్వం. సాయంత్రం ఆరింటి బస్సుకి సుబ్బుగాడు హైదరాబాదు వస్తున్నాడు, ఇది వాడి చేతికిస్తున్నా. కొరియర్‌లో వేయొచ్చుగా అని పళ్ళికిలించకు.

కబుర్లు గబగబా: నాన్న కంటి ఆపరేషను బాగా జరిగింది, చుక్కల మందు దగ్గరే పేచీ. బుజ్జి ఎంపీసీ వద్దని సీఈసీలో చేరింది, ఇంట్లో ఇంకా యుద్ధం నడుస్తోంది. ఓనరు అద్దె పెంచాడు.

ఇక అసలు సంగతి. పిన్నికి నువ్వు ఆర్డరు పెట్టిన గ్రైండరు గురించి పంపిన ఆ ట్రాకింగ్ ఫోటో చూసిన దగ్గర్నుంచీ ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్రపట్టేలా లేదు. సెప్టెంబరు 27న ఇస్తామన్నది అక్టోబరు 4న ఇచ్చారు, ఇంటికి రాకుండానే వచ్చామని రాసుకున్నారు, డెలివరీవాళ్ళంతా దొంగలు, ఇదీ నీ తిట్ల సారాంశం. రాకుండా వచ్చామన్నది అబద్ధమే, కాదనను. కానీ ఆ అబద్ధం రాయక తప్పని చోటుకి వాళ్ళని ఎవరు నెట్టారో ఆ ఫోటోలోనే ఉంది. నీ పార్సిల్ మా కంపెనీది కాదు. అయినా ఈ ఊళ్ళో హబ్బులన్నీ నడిచే తీరు ఒకటే, అందుకే ఆ వరసలు నాకు జాతకచక్రంలా కనిపించాయి. పక్కన పెట్టుకుని చదువు.

"26, ఉదయం 9.40, విజయవాడ హబ్‌కు చేరింది." మొత్తం గొడవకి మూలం ఇది. హైదరాబాదు నుంచి రాత్రి బయల్దేరే లారీ మామూలు రోజుల్లో తెల్లారుజామున నాలుగూ అయిదింటికల్లా గోడౌన్ ముందుండాలి. దూరం 270 కిలోమీటర్లు, దారి కూడా మంచిదే. పండగలో అక్కడ లోడింగే ఆలస్యం అవుతుంది, పైగా ఇక్కడ నవరాత్రుల్లో పెద్ద బళ్ళని ఊళ్ళోకి రానివ్వకుండా ఇబ్రహీంపట్నం దగ్గర మళ్ళిస్తారు. లారీ వచ్చాక ఏమవుతుందో తెలుసా? సీలు నంబరు కాగితంతో సరిచూసి తలుపు తీస్తారు. చిన్న పార్సిళ్ళు కట్టిన సంచులు ముందు దిగుతాయి. గ్రైండర్లూ కుక్కర్లూ లూజు సరుకు, బరువుదని అక్కడ లారీలో అడుగున, ముందుభాగాన ముందే వేస్తారు కాబట్టి ఇక్కడ ఆఖర్న దిగుతాయి. దిగిన ప్రతి పెట్టెకీ స్కాన్, తర్వాత రూటు వారీగా బోనుల్లోకి సర్దడం, మళ్ళీ బయటికి వెళ్ళే స్కాన్, ఆ తర్వాత రన్‌షీటు, అంటే ఆ రోజు ఒక్కొక్కరు ఇవ్వవలసిన పార్సిళ్ళ జాబితా. మనుషులు ఎంతమంది ఉన్నా ఈ పనికి రెండు రెండున్నర గంటలు పడుతుంది. అయిదింటికి రావలసిన లారీ తొమ్మిది దాటి వచ్చిందంటే, ఎనిమిదింటికి రోడ్డెక్కవలసిన కుర్రాడు పన్నెండింటికి ఎక్కుతాడు. జనం ఇళ్ళలో ఉండే పొద్దుటి పూట మొత్తం పోయినట్టే. యాప్ మాత్రం నీకు ఇస్తానన్న టైము మార్చదు.

ముందు బైకు కుర్రాళ్ళ లెక్క చెప్తా, వ్యాను సంగతి తర్వాత. సీజన్లో ఒక్కో బైకుకి నూటపది పార్సిళ్ళ రన్‌షీటు వేయడం మామూలే. పన్నెండు నుంచి రాత్రి తొమ్మిది దాకా తొమ్మిది గంటలు. అందులో పోనూ రానూ, తిండీ, రాత్రి నగదు లెక్క అప్పజెప్పడం కలిపి ఒక గంట తీసెయ్. 480 నిమిషాలు, 110 పార్సిళ్ళు. ఒక్కోదానికి నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. ఈలోపల బండి స్టాండు వేయాలి, సంచిలోంచి పెట్టె వెతకాలి, ఫోన్ చేయాలి, మెట్లెక్కాలి, ఓటీపీ అడగాలి, అది రాకపోతే మళ్ళీ పంపించాలి, డబ్బులైతే క్యూఆర్ చూపించాలి, ఫోటో తీయాలి. వాచ్‌మన్ దగ్గర ఒకేచోట ఆరేడు దిగే అపార్టుమెంట్లు ఉంటే కుర్రాడు బతికిపోతాడు. ఒక్క ఇంటి దగ్గర "ఉండు బాబూ, మా వాడికి ఫోన్ చేసి ఓటీపీ కనుక్కుంటా" అన్నారా, అయిదు నిమిషాలు హారతి. ఆ అయిదూ తర్వాతి ఇంటి నుంచి తీసుకోవలసిందే, ఇంకెక్కడా లేవు.

ఇప్పుడు గ్రైండరు. బరువు పన్నెండు కిలోల పైమాటే. పెట్టె కొలతలు 45, 35, 35 సెంటీమీటర్లు అనుకో, గుణించి 5000తో భాగిస్తే పట్టే చోటుని బట్టి బరువు కట్టే కొరియర్ లెక్కలో కూడా పదకొండు కిలోలు. ఇది బైకుకి ఎక్కదు, వ్యాను రూటుకి వెళ్తుంది. ఈ ఏడాది వ్యాన్ల పరిస్థితి ఏంటో తెలుసా? సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పంద్రాగస్టు ప్రసంగంలో పన్ను తగ్గుతుందని విన్నప్పటినుంచీ జనం కొనడం ఆపి కూర్చున్నారు, 23న సేల్ తెరవగానే అందరూ ఒక్కసారి నొక్కారు. టీవీని నిలబెట్టే తీసుకెళ్ళాలి, పడుకోబెడితే ప్యానెల్ పోవచ్చు, దాని మీద ఏమీ పెట్టకూడదు. మా వ్యాను, టాటా ఏస్, తొట్టి ఏడడుగుల పొడవు, వెడల్పు అయిదడుగుల లోపే. టీవీలు నిలబెట్టి తాళ్ళు కట్టాక మిగిలిన సందుల్లో గ్రైండర్లు కుక్కాలి. బరువు సగం కూడా నిండదు, చోటు మాత్రం నిండిపోతుంది. పైగా టీవీలు పెట్టె విప్పి చూపించి, వెలిగించి ఇచ్చే పద్ధతిలో ఉంటాయి. పావుగంట తక్కువ కాదు. ఇరవై ఎనిమిది పెద్ద పెట్టెలుంటే ఇవ్వడానికే ఏడు గంటలు, తిరుగుడు వేరే.

ఇప్పుడు "27, కస్టమర్ అందుబాటులో లేరు" చూడు. పిన్ని ఇల్లు చిట్టినగర్ కొండ మీద. కింద బండి ఆపి మెట్లెక్కాలి, మనం చిన్నప్పుడు లెక్కపెట్టి ప్రతిసారీ తప్పు చెప్పిన మెట్లు. వ్యానులో మామూలుగా డ్రైవరు, హెల్పరు ఇద్దరుంటారు. సీజన్లో అద్దెకి అదనంగా తెచ్చిన వ్యాన్లకి హెల్పర్లు చాలరు, ఉన్నవాళ్ళని పంచేస్తారు. డ్రైవరు ఒక్కడే ఉంటే గ్రైండరు భుజాన వేసుకుని కొండెక్కగలడా? ఎక్కగలడు, కానీ కింద సందులో నిలిపిన బండిలో ఎన్ని టీవీలు ఉంటాయి? ఒకటి పోయినా, ఒకటి పగిలినా వాడి మీదే రాస్తారు. బండి వదిలి కదలడు. కింద నుంచి ఫోన్ చేసి "ఎవరినైనా పంపండమ్మా" అంటాడు. పిన్ని ఒక్కతే, ఎవరిని పంపుతుంది? లేదా ఫోన్ ఒక్క రింగు ఇచ్చి ఆపేస్తాడు. అడుగు పిన్నిని, ఆ రోజు సాయంత్రం కొత్త నంబరు నుంచి ఒక మిస్డ్ కాల్ ఉండి తీరుతుంది. యాప్‌లోంచే కాల్ వెళ్ళాలి, ఇంటికి దగ్గరలో నిలబడి ఉండాలి, అప్పుడే "అందుబాటులో లేరు" అన్న మీట పనిచేస్తుంది. రింగు వెళ్ళింది, జీపీఎస్‌లో కొండ పాదం దగ్గరే ఉన్నాడు, యాప్‌కి సరిపోయింది. కొండ ఎంత ఎత్తో దానికి తెలియదు.

మరి నిజం రాయొచ్చుగా అంటావు. ఇక్కడే నాకు ఒళ్ళు మండేది. ఇవ్వని ప్రతి పార్సిల్‌కీ ఒక కారణం నొక్కితేగానీ రన్‌షీటు మూయడం కుదరదు. ఆ జాబితాలో కస్టమర్ లేరు, తీసుకోనన్నారు, చిరునామా తప్పు, తలుపు తాళం, వాయిదా అడిగారు, ఇలా అన్నీ నీ వైపు తప్పులే ఉంటాయి. "టైం చాలలేదు", "ఒక్కణ్ణే, మోయలేను" అనేవి ఉండవు. కొన్నిచోట్ల "ప్రయత్నించలేదు" అని ఒకటి ఉంటుంది, అది నొక్కితే హబ్బు డెలివరీ శాతం పడిపోతుంది, మర్నాడు పొద్దున్న టీమ్ లీడరు అందరి ముందూ నిలబెట్టి కడిగేస్తాడు. కాబట్టి తప్పు పిన్ని ఖాతాలో పడింది. పై ఆఫీసులో తెరమీద చూసేవాడికి విజయవాడలో కస్టమర్లు ఇళ్ళలో ఉండటం లేదని కనిపిస్తుంది! వ్యాన్లు చాలడం లేదని ఎక్కడా కనిపించదు. మరుసటి ఏడు కూడా అన్నే వ్యాన్లు ఇస్తారు.

డబ్బు సంగతి కూడా విను. బైకువాళ్ళకి చాలామందికి జీతం ఉండదు, ఇచ్చిన పార్సిల్‌కి ఇంతని. మా చుట్టుపక్కల పదిహేను రూపాయలు అటూ ఇటూ. ఇవ్వకుండా తిరిగి తెచ్చినదానికి సున్నా, పెట్రోలు మాత్రం సొంతం, లీటరు నూటతొమ్మిది దాటింది. ఇయర్‌బడ్స్ డబ్బాకీ, మూడో అంతస్తుకి మోసిన కుక్కర్‌కీ తేడా ఒకటో రెండో రూపాయలు. అలాంటప్పుడు కుర్రాడు ముందు దేన్ని పట్టుకుంటాడు? అపార్టుమెంట్లు పూర్తి చేసుకుని కొండలకీ సందులకీ సాయంత్రం వస్తాడు, అప్పటికి వెలుగు ఉండదు, ఓపికా ఉండదు. నువ్వైనా అంతే చేస్తావు, నేనైనా అంతే.

"28, చిరునామా అసంపూర్ణం." ఇది నొక్కినవాడు సీజన్ కుర్రాడు అయ్యుంటాడు. పాతవాళ్ళకి చిట్టినగర్ అంటే డోర్ నంబరు అక్కర్లేదు, "రామాలయం పక్క మెట్లు" అంటే చాలు. పండగ ముందు చేరినవాడికి అరపూట నేర్పించి బండి ఇచ్చేస్తారు. నువ్వు రాసిన పాత డోర్ నంబరుకి మ్యాపు వాణ్ణి చిట్టినగర్ సొరంగం అవతల భవానీపురంలో దించి ఉంటుంది.

29న ఏమీ లేదు చూశావా? ఒక్క స్కాన్ కూడా లేదు. అది మూలా నక్షత్రం రా! అమ్మవారు సరస్వతీ అలంకారంలో ఉండే రోజు. అర్ధరాత్రి నుంచే ఇంద్రకీలాద్రి చుట్టూ క్యూలు, వన్‌టౌన్‌లో రోడ్లు కట్టేస్తారు, సొరంగం దగ్గర బండి కదిలితే ఒట్టు. తెలివైన హబ్బు ఆ రోజు ఆ రూటు బయటికే తీయదు. తీసినా అన్నీ తిరిగొస్తాయి, ప్రతిదానికీ ఒక ప్రయత్నం ఖర్చవుతుంది. ఈ "ప్రయత్నం ఖర్చు" గుర్తుపెట్టుకో, కిందది దాన్నిబట్టే అర్థమవుతుంది.

"30, కస్టమర్ కోరికపై వాయిదా." దీనికే కదా నువ్వు ఎక్కువ మండిపడ్డావు, మేమెప్పుడు అడిగామని? అడగలేదు. కానీ ఇది రాసినవాడు నీకు మేలు చేశాడు. మూడు ప్రయత్నాలు విఫలమైతే పార్సిల్ దానంతటదే వెనక్కి, పంపినవాడికి వెళ్ళిపోతుంది, ఆపడం హబ్బువాళ్ళ చేతిలో ఉండదు. నీ గ్రైండరుకి రెండు అయిపోయాయి. మూడోసారి "లేరు" అని కొడితే అది హైదరాబాదు లారీ ఎక్కేది, నీ డబ్బు వాపసు వచ్చేది, సేల్ ధర మాత్రం మళ్ళీ దొరికేది కాదు. వాయిదా అంటే ప్రయత్నం కింద లెక్కకి రాదు. ఎవడో పాత చెయ్యి, వ్యానులో చోటు లేదని తెలిసి, ఆ మీట నొక్కి నీ పెట్టెని బోనులోనే కాపాడాడు. పండగ అయ్యాక, హెల్పరు దొరికాక, 4న మోసుకొచ్చి ఇచ్చారు. పన్నెండు కిలోలు, ఆ మెట్లన్నీ. పిన్ని వాడికి మజ్జిగ ఇచ్చిందట, సుబ్బు చెప్పాడు. నువ్వు మాత్రం ఒక్క స్టారు ఇచ్చావు. పోయి మార్చు ముందు.

దీపావళి 20న. ఇంకా ఏదో పంపిస్తానంటున్నావుగా, ఈసారి ఇలా చెయ్. టపాకాయలు మాత్రం అడగకు, పేలేవి ఏ కొరియరూ తీసుకోదు. మిగతావి 12 లోపు ఆర్డరు పెట్టు, 15 దాటాక యాప్ చూపించే తేదీని నమ్మకు. చిరునామాలో మొదటి వరసలోనే కొండ కింద గుర్తు రాయి, డోర్ నంబరు తర్వాత, కొత్తదే రాయి. ఫోన్ నంబరు నీది పెట్టకు, నువ్వు మీటింగులో ఉంటావు. పిన్నిదో కింద కిరాణా కొట్టతనిదో పెట్టు. బరువైనదైతే కొట్లో దించమని ముందే చెప్పు, అక్కణ్ణుంచి ఎవరైనా తెచ్చిస్తారు. ఓటీపీ పెట్టె చేతికి వచ్చాకే చెప్పమను, ఫోన్లో అడిగితే చెప్పొద్దను, ఎంత మర్యాదగా అడిగినా సరే. "డెలివరీకి బయలుదేరింది" అని ఉండి రాత్రి ఏడు దాటినా ఫోన్ రాకపోతే ఆ రోజు రాదు, నువ్వే యాప్‌లో మంగళవారానికో బుధవారానికో మార్చెయ్, వారం మధ్యలో రన్‌షీటు కాస్త తేలిగ్గా ఉంటుంది, పైగా ప్రయత్నం ఖర్చవదు. ఒకసారి "లేరు" అని పడగానే ఫిర్యాదు పెట్టు, మూడోదాకా ఆగితే లాభం లేదు. వాళ్ళు పలకకపోతే 1915, వినియోగదారుల హెల్ప్‌లైన్, ట్రాకింగ్ ఫోటోలు దాచుకుని మాట్లాడు.

హబ్బుకి వెళ్ళి తెచ్చుకునే వీలు కూడా ఉంటుంది, అందరికీ తెలియదు. మధ్యాహ్నం రెండూ నాలుగు మధ్య వెళ్ళాలి, పొద్దున్న వెళ్తే లారీ దింపుకునే గొడవలో ఎవడూ పట్టించుకోడు, పెట్టె ఏ బోనులో ఉందో కూడా... సుబ్బుగాడు కింద హారన్ కొడుతున్నాడు. ఆర్డరు నంబరూ, ఎవరి పేరు మీద పెట్టావో వాళ్ళ ఆధారూ తీసుకెళ్ళమను పిన్నిని, నీ పేరు మీద అయితే ఓటీపీ నీకే వస్తుంది కాబట్టి ఆ టైముకి ఫోన్ ఎత్తు. మిగతాది

నీ,
గోపి