ముందు సాక్ష్యం, ఆ తర్వాతే ప్రెస్ మీట్

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో నల్ల ముసుగు వేసి కూర్చోబెట్టిన కుర్రాడి ఫొటో చూసినప్పటి నుంచి నాకు మనసు కుదుటపడలేదు. వెనక వరసగా అధికారులు, పైన ‘నేరం ఒప్పుకున్న నిందితుడు’ అని శీర్షిక. వార్త మళ్లీ మళ్లీ చదివాను. అతనే చేశాడనడానికి వేలిముద్రలు దొరికాయా, రక్తపు మరక కలిసిందా, ఫోన్ ఆ చుట్టుపక్కల ఉన్నట్టు తేలిందా? ఒక్క ముక్క లేదు. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదన్న సంగతి ప్రెస్ మీట్ పెట్టిన అధికారికీ తెలుసు, రాసిన విలేకరికీ తెలుసు. మరి ఎవరి కోసం ఈ ఫొటో?

విజయవాడ వాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పాలా? 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ చదివే పిల్లను చంపేశారు. ఊరంతా అట్టుడికింది, పోలీసుల మీద ఒత్తిడి పెరిగింది, చివరికి నరాల జబ్బుతో ఉన్న ఒక పేద యువకుణ్ణి తెచ్చి ఇతనే అన్నారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని తేల్చి, కేసు ఖర్చుల కింద లక్ష రూపాయలు ఇమ్మంది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో పోయిన వయసుకు లక్ష! తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది. తీరా చూస్తే కోర్టులో భద్రంగా ఉండాల్సిన వస్తువులు ధ్వంసమైపోయాయి. 2019 డిసెంబరులో తెనాలిలో ఆ పిల్ల సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చేయాల్సి వచ్చింది. ఆ తల్లి ఇది కూడా చూడాల్సి వచ్చింది.

నేను ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరైనదాన్ని. రక్తం అంటిన బట్టను తడిగా ప్లాస్టిక్ కవర్లో చుట్టేస్తే కుళ్లిపోతుంది. నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. ఇంత చిన్న సంగతి కొత్తగా వచ్చిన అటెండరుకు కూడా నేర్పేవాళ్లం. కిందటేడు మా వీధిలో దొంగతనం జరిగితే నేను కళ్లారా చూశాను. వచ్చిన కానిస్టేబులు ఉత్త చేత్తోనే బీరువా తలుపు తీసి వేశాడు. దొంగ నీళ్లు తాగి వదిలేసిన గ్లాసును ఇంటివాళ్లు కడిగి బోర్లించేశారు, వద్దని చెప్పే నాథుడు లేడు. క్లూస్ టీమ్ మధ్యాహ్నానికి వచ్చింది. అప్పటికి వీధిలో సగం మంది చేతులు ఆ బీరువా మీద పడ్డాయి. ఇంట్లోవాళ్ల ముద్రలు తీసి పక్కన పెడితే మిగిలేవి బయటివాళ్లవని తెలిసేది. ఆ దారి మూసుకుపోయింది కనుక పనిమనిషిని స్టేషనుకు పిలిచి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. భయంతో ఆమె ముఖం పాలిపోయింది కనుక ఆమె మీద అనుమానమట! భుజాలు తడుముకున్నవాడే దొంగ అనే లెక్కలో ఇంకా ఎన్నాళ్లు దర్యాప్తు చేస్తారు?

ఇంగ్లండ్‌లో 1986లో పదిహేడేళ్ల కుర్రాడొకడు ఒక హత్య తనే చేశానని పోలీసులకు ఒప్పుకున్నాడు. ఆ చుట్టుపక్కలే మూడేళ్ల కిందట జరిగిన ఇంకో హత్యకూ అతనే కారణమని పోలీసులు నమ్మి డీఎన్‌ఏ పరీక్ష చేయించారు. రెండూ చేసింది ఒక్కడే, కానీ ఈ కుర్రాడు కాదని తేలింది. తర్వాత వేలమంది మగవాళ్ల రక్తం తీసుకుని, ఒక్కొక్కరినీ తీసేసుకుంటూ వెళ్లి, తన బదులు వేరొకడిని పంపి తప్పించుకోవాలని చూసినవాణ్ణి 1987లో పట్టుకున్నారు. ఆ పరీక్షను మన దేశంలో నిలబెట్టింది హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారు. అంత విద్య ఇంత దగ్గర్లో పెట్టుకుని మనం ఒప్పుకోలు దగ్గరే ఆగిపోతున్నాం.

2024 జులై 1 నుంచి నేర దర్యాప్తుకు కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, వచ్చింది. ఏడేళ్లు, ఆ పైన శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు సంఘటన స్థలానికి రావాలి, వీడియో తీయాలి అంది. దీనికి రాష్ట్రాలకు ఐదేళ్ల వెసులుబాటు ఇచ్చారు. మంత్రి వస్తున్నాడంటే తెల్లారేసరికి రోడ్డు పొడవునా పోలీసులను నిలబెట్టగలిగేవాళ్లకు ఒక గదికి తాళం వేసి కాపలా పెట్టడానికి ఐదేళ్లు ఎందుకు?

మీ పత్రికకూ ఒక మనవి. ఆ కుర్రాడి కేసులో స్వాధీనం చేసుకున్న బట్టలు ల్యాబుకు వెళ్లాయా, వెళితే ఏ తేదీన వెళ్లాయి, రిపోర్టు ఏమని వచ్చింది, మీ విలేకరి చేత అడిగించి వేయండి. ఫొటో వేసిన పేజీలోనే, అంత పెద్దగానే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయవాడ